పందిరి మంచం మీద ఫిర్యాదు

1943 మార్చిలో నన్ను తిరుపతి కలప డిపో నుంచి పుత్తూరు వైపు ఒక సెక్షనుకు బదిలీ చేశారు. హోదా ఫారెస్టరు. మనవళ్ళకు ఈ కథ చెప్పేటప్పుడు జిల్లా అడవులన్నీ నా చేతి కింద ఉండేవని చెబుతాను. అది అబద్ధం. అటవీ శాఖలో అందరికంటే కింద గార్డు, వాడి మీద ఫారెస్టరు, ఆ పైన రేంజరు, అందరి మీదా జిల్లా అటవీ అధికారి. కింది నుంచి లెక్కపెడితే నాది రెండో మెట్టు. నా చేతి కింద ఉన్నవి అయిదుగురు గార్డులు, నాలుగు కొండలు, ఒక సుత్తి.

ఆ సుత్తి సంగతి ముందే చెప్పాలి, తరువాత అవసరపడుతుంది. అడవిలో కొట్టిన దుంగ డిపోకు వచ్చాక దాన్ని కొలిచి, ఏ జాతి కొయ్యో చూసి, పుస్తకంలో రాసి, దుంగ కొస మీద ఇనప సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాం. సుత్తి ముఖం మీద చెక్కిన గుర్తు కొయ్యలో దిగబడుతుంది. ఆ ముద్ర ఉంటే సర్కారు అనుమతితో బయటికి వచ్చిన కొయ్య. లేకపోతే దొంగ కొయ్య కింద జమ. ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్క గుర్తు. నాది వలయంలో మూడు చుక్కలు. అణా బిళ్ళంత ఉంటుంది. బదిలీ అయినా సుత్తి మాతోనే వస్తుంది. దాన్ని సర్కారు పనికి తప్ప వాడకూడదని నిబంధన. నేను దాంతో టెంకాయలు కొట్టేవాణ్ణి. ఒకసారి గురి తప్పి దెబ్బ కిందనున్న రాతి మీద పడి, వలయం అంచు పెచ్చు ఊడింది. అప్పటి నుంచి నా ముద్ర ఎక్కడ పడినా వలయం ఒక చోట తెగి ఉండేది. ఎవరూ గమనించలేదు. నేనూ చెప్పలేదు.

ఇక నా పేరు ప్రతిష్ఠల సంగతి. కళ్ళకు గంతలు కట్టి ఏ కొయ్య ముక్క చేతిలో పెట్టినా పేరు చెప్పగలనని డిపోలో నాకు పేరుండేది. ఆ పేరు పుట్టించింది నేనే. టేకును వాసనతో పట్టేవాణ్ణి. వేపను నాలుక కొసతో పట్టేవాణ్ణి. మంచి గంధాన్ని ఎవరైనా పడతారు. తక్కినవాటికి గంతల సందులోంచి పక్కనున్న గార్డు ముఖం చూసేవాణ్ణి.

యుద్ధం రోజులు. మంచి కలపంతా యుద్ధపు పనులకు పోతోంది. మామూలు మనిషికి నాలుగు దూలాలు దొరకడం గగనం. ఎవరింట్లోనైనా కొత్త వస్తువు కనిపిస్తే ఊరంతా దాని కొయ్య గురించి ఆరా తీసేది. అలాంటి సమయంలో రేంజరుగారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. కార్వేటినగరంలో రాయసం సుబ్బరామయ్య ఇంట రిజర్వు అడవి ఎర్రచందనంతో పందిరి మంచం చేయబడి ఉన్నదనీ, చేసినవాడు మునిరత్నమాచారి అనీ, ప్రభువులు విచారించవలెననీ అందులో ఉంది. రేంజరుగారు దాని మూలన నాలుగు ముక్కలు రాసి నాకు పంపారు. స్వయంగా వెళ్ళి చూడాలి, నిజమైతే సొత్తు స్వాధీనం చేసుకోవాలి.

చట్టంలో ఒక సంగతి పాఠకులకు తెలియాలి. దొంగ కొయ్య దొరికితే కొయ్య ఒక్కటే పోదు. దాన్ని మోసిన బండి పోతుంది, ఎద్దులు పోతాయి, దాని మీద పని చేసిన పనిముట్లు పోతాయి. చేయించుకున్నవాడు నాకేం తెలుసని తప్పుకోవచ్చు. చేసిన వడ్రంగి మాత్రం తప్పుకోలేడు. కేసు తేలేదాకా అతని ఉలులూ రంపాలూ రేంజరు ఆఫీసులో తుప్పు పట్టాల్సిందే. తేలాక తిరిగి వస్తాయన్న నమ్మకమూ లేదు.

కార్వేటినగరానికి గుర్రం మీద వెళ్ళానని ఒకప్పుడు చెప్పుకునేవాణ్ణి. వెళ్ళింది బొగ్గు బస్సులో. పెట్రోలు కరువుకు బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపే రోజులవి. మిట్ట వచ్చినప్పుడల్లా సర్కారు ఉద్యోగులతో సహా అందరూ దిగి తోయాలి. పుత్తూరు నుంచి ఎద్దుల బండి. నా వెంట వచ్చిన సాయుధ బలగం పేరు చెంగల్రాయుడు. గార్డు. చేతిలో నా సుత్తి సంచి.

సుబ్బరామయ్యగారు పాత సంస్థానంలో రాయసం, అంటే ఉత్తర ప్రత్యుత్తరాలూ పట్టీలూ రాసే ఉద్యోగం చేసి మానుకున్న మనిషి. అరవై దాటి ఉంటాయి. వీధి తలుపు తీసి నా ఖాకీ చొక్కా చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"రండి, రండి. మంచం చూసేదానికేనా? మొన్న తిరుపతి నుంచి కూడా వచ్చి చూసిపోయినారు" అన్నాడు.

నేను వచ్చిన పని చెప్పేలోగా పడసాలలోకి తీసుకుపోయాడు. మంచం అక్కడే ఉంది, వీధిలో పోయేవాళ్ళకు కనబడేటట్టు సరిగ్గా తలుపుకు ఎదురుగా. దాని పక్కన గోడకు ఆనించి చుట్టిన చాప ఒకటి. ఆయన పడుకునేది ఆ చాప మీదేనని తరువాత తెలిసింది.

మంచం ఎలా ఉందో చెబుతాను. ఇది మాత్రం కల్పన కాదు. నాలుగు స్తంభాలు, ఒక్కొక్కటి కుండ మీద కుండ పేర్చినట్టు మెట్టు మెట్టుగా సన్నబడుతూ పైకి లేచి, కొసన తామర మొగ్గతో ముగుస్తాయి. తల వైపు పలక మీద రెండు చిలకలు ఒకే పండును చెరోవైపు నుంచి పొడుస్తున్నాయి. రెండు చిలకలూ అచ్చు ఒక్కలాగా లేవు. ఒకటి పండు కోసం మెడ చాచింది, రెండోది పక్కదాన్ని అనుమానంగా చూస్తోంది. పైన దోమతెరకు సన్నటి చట్రం. ఎక్కడా మేకు లేదు. స్తంభమూ, దానికి అడ్డంగా వచ్చే పట్టెడా కలిసే చోట గోరు పెట్టి వెతికాను. గోరు దిగలేదు. వంగి కింద చూశాను. మామూలుగా కంటికి కనబడని అడుగు భాగాన్ని వడ్రంగులు బాడిసతో చెక్కి వదిలేస్తారు. ఇతను అడుగున కూడా చిత్రిక పట్టి నునుపు చేశాడు. రంగు దానిమ్మ గింజ.

"ఏం కొయ్య అనుకున్నారు? ఎర్రచందనం! ముట్టుకోండి, ఏం పర్వాలేదు" అన్నాడు సుబ్బరామయ్య. వయసులో ఉండగా సంస్థానంలో సామాన్ల పట్టీ రాయడానికి వెళ్ళి అక్కడ ఒక మంచం చూశాడట. ఎర్రచందనం పందిరి మంచం. దాని వివరం తన చేత్తో రాసుకున్నాడు. ఆ రాసిన కాగితం ముప్పై ఏళ్ళు దాచుకుని, ఆచారికి చూపించి చేయించాడు.

అప్పుడు చెప్పాను, వచ్చిన పని ఏమిటో. నిబంధన ప్రకారం ఇద్దరు సాక్షులను పిలిపించాను. ఒకరు ఎదురింటి గోవిందు శెట్టి, దినుసుల అంగడి ఆయన. ఇంకొకరు బడి పంతులు. సుబ్బరామయ్య నోరు తెరిచాడు. శెట్టి వైపు చూశాడు. నోరు మూశాడు.

"ఎర్రసందనమని మూడు నెల్లుగా ఈ వీధిలో ఇదే పురాణం అప్పా" అని శెట్టి నాతో అని, ఆయన వైపు తిరిగి, "ఔనా కాదా రాయసమయ్యా? ఇప్పుడు సెప్పు!" అన్నాడు.

"ఔను. ఎర్రచందనమే" అన్నాడు సుబ్బరామయ్య.

ఇక నా పరీక్ష. రంగు చూశాను. చెవి ఆనించి వేలితో కొట్టి విన్నాను. తరువాత చాలాసేపు వాసన చూశాను. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. అయినా చుట్టూ ఉన్నవాళ్ళకు నమ్మకం కలగాలి గదా. తలాడించి మహజరు రాయడానికి కూర్చున్నాను. మహజరు అంటే సాక్షుల ఎదుట చూసింది చూసినట్టు రాసే కాగితం. "సదరు మంచము ఎర్రచందనముతో చేయబడినదని నేను స్వయముగా పరీక్షించి తెలుసుకున్నాను" అని రాశాను. పంతులు సంతకం పెట్టి, పిల్లలు గోల చేస్తుంటారని బడికి వెళ్ళిపోయాడు. శెట్టి కూడా తన సంతకం తీరిగ్గా పెట్టాడు.

మునిరత్నమాచారిని చెంగల్రాయుడు పని దగ్గర నుంచే పిలుచుకొచ్చాడు. యాభై ఏళ్ళ సన్నటి మనిషి. కనుబొమల్లో రంపపు పొట్టు. భుజాన పనిముట్ల సంచి. ఈ మంచం ఏ కొయ్యతో చేశావని అడిగాను. అతను సుబ్బరామయ్య వైపు చూశాడు. సుబ్బరామయ్య పైన దూలాల వైపు చూశాడు.

"రాయసమయ్య ఏం సెప్పినాడు సామీ?" అని అడిగాడు ఆచారి.

ఎర్రచందనమన్నాడని చెప్పాను.

అతను సంచి కిందికి దించి, "అట్లయితే నేను సెప్పేదేముండాది" అన్నాడు.

అతను ఎందుకలా అన్నాడో నాకు అప్పుడు తెలియదు. మంచం పూర్తయిన రోజు సుబ్బరామయ్య కొత్త పంచెతో పాటు తాంబూలం చేతిలో పెట్టి, ఈ వీధిలో కొయ్య పేరు నీ నోట రాకూడదని మాట తీసుకున్నాడట. తాంబూలం అందుకుని ఇచ్చిన మాట. ఆచారి దాన్ని తప్పడు. ఆ మాటకు తన పనిముట్లన్నీ పోతాయని చెప్పినా తప్పలేదు. నాకు మాత్రం అది నేరం ఒప్పుకున్నట్టే కనిపించింది. సంచి విప్పి పట్టీ రాయమని చెంగల్రాయుడికి చెప్పాను.

బాడిస ఒకటి. రంపాలు రెండు. చిత్రికలు మూడు. మూలమట్టం ఒకటి. కొయ్య సుత్తి ఒకటి. ఉలులు తొమ్మిది. పేరు పలికినప్పుడల్లా ఒకటి తీసి నేల మీద పెడుతున్నాడు. ఆచారి అభ్యంతరం చెప్పలేదు. ఒక్కసారి మాత్రం చేయి ముందుకు చాచాడు.

"ఆ సన్న ఉలిని గుడ్డలో సుట్టప్పా సెంగల్రాయా. ఇనుముకు తగిలితే పదును పోతాది. మా నాయనది."

చెంగల్రాయుడు నా వైపు చూశాడు. చుట్టమన్నాను.

తరువాత నమూనా తీయాలి. స్వాధీనం చేసుకున్న కొయ్యలోంచి జానెడు ముక్క కోసి, లక్క ముద్ర వేసి ఆఫీసుకు పంపాలి. ఎక్కడ కోయాలి? రంగు బాగా ఉన్న చోట. తల వైపు కుడి స్తంభం చూపించాను. చెంగల్రాయుడు ఆచారి రంపమే అందుకున్నాడు.

"స్తంభం కోస్తారా!" అని సుబ్బరామయ్య పెట్టిన కేక వీధిలోకి వినిపించి ఉంటుంది.

ఆ కేకకు వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న ఆయన భార్య కామాక్షమ్మగారు పడసాలలోకి వచ్చారు. "ఇంక సాలించండి. ఆచారి ఉలులు పోతా ఉండాయి, మంచం స్తంభం పోతా ఉండాది. మీ గొప్పొక్కటీ పోకూడదా?" అని భర్తతో అని, నా వైపు తిరిగారు. "అది యేగి నాయనా. మిగిలిన ముక్కతోనే గదా నాకు లోటా తొలిచి ఇచ్చినాడు. చక్కెర జబ్బుకని పొద్దునే దాంట్లో నీళ్ళే తాగతా ఉండా."

యేగి అంటే వేగిస చెట్టు. ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెంటికీ గాటు పెడితే ఎర్రటి బంక కారుతుంది. కానీ వేగిస డిపోలో అనుమతితో అమ్మే కొయ్య. ఎర్రచందనం అలా అమ్మేది కాదు.

"ఆడవాళ్ళకు కొయ్య సంగతేం తెలుసు" అని గొణిగాడు సుబ్బరామయ్య. ఆయన చివరిదాకా తన మీదా ఆచారి మీదా నేరం నిలబెట్టడానికే పాటుపడ్డాడు. అయితే అప్పుడు ఆయనకు తోడుగా నిలిచిన మనిషి ఇంకొకడు ఉన్నాడు. నేను. ఆమె మాట అప్పుడే నమ్మవచ్చు. నమ్మలేదు. మహజరు మీద సిరా ఆరిపోయింది. నేను స్వయంగా పరీక్షించానని రాసి ఉంది.

లోటా వేరే కొయ్యది కావచ్చునని వాదించాను. మంచం నుంచే నమూనా కావాలన్నాను.

అప్పుడు ఆచారి కండువా భుజాన వేసుకుని లేచాడు. "అమ్మే సెప్పేసినాక నా మాట తీరిపోయినట్టే. స్తంభం కొయ్యొద్దు సామీ. ఇప్పతాను. లోపల అతుకు నాలుక కొసలో మీకెంత కావాలో తీసుకోండి. బయటికి కనపడదు."

విప్పడానికి పూట పడుతుందనుకున్నాను. కాళ్ళ వైపు పట్టెడ మీద వరసగా తామర మొగ్గలు చెక్కి ఉన్నాయి. అన్నీ అలంకారమే అనుకున్నాను. అందులో మూడో మొగ్గను పట్టుకుని అతను తిప్పి లాగాడు. వేలెడు చీల ఒకటి బయటికి వచ్చింది. కొయ్య సుత్తితో మూడు చోట్ల మెల్లగా తట్టాడు. అంతవరకు రాతి కట్టడంలా నిలబడ్డ మంచం వదులైంది. విడెం నమిలేంత సేపట్లో స్తంభాలు నాలుగూ గోడకు, పట్టెడలు నేల మీద. శెట్టి తన పంచె పైకి మడుచుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు చూడడానికి. నేనూ కూర్చున్నాను. కేసు సంగతి కాసేపు ఎవరికీ గుర్తు లేదు.

ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన గూట్లో దించడాన్ని వడ్రంగులు కుసి అంటారు. ఈ మంచంలో ప్రతి కుసి పక్కనా చిన్న గాట్లు ఉన్నాయి. ఒకదానికి ఒక గీత, ఇంకొకదానికి రెండు, అలా ఎనిమిది దాకా. అవే గీతలు దాని గూటి పక్కనా ఉన్నాయి. ఏ నాలుక ఏ గూటిదో తెలియడానికి. ఎనిమిదీ ఒకే కొలత గదా, మారితే ఏమని అడిగాను. "కొలత ఒకటే సామీ. కొయ్య తీరు ఒకటి గాదు" అన్నాడు.

అలా అంటూ తల వైపు పట్టెడ కొసను నా ముందుకు తిప్పాడు. నాలుక కొస మీద, నల్లబడి, అణా బిళ్ళంత ముద్ర.

"సుత్తి ముద్ర ఉండే కొసను నేను కోసి పారెయ్యను. మా నాయన అలవాటు. ఎవురైనా అడిగితే సూపించాల గదా. రెండేండ్ల కిందట తిరపతి డిపోలో పర్మిట్టు మీద కొనింది" అన్నాడు.

చెంగల్రాయుడు మంచి గార్డు. ఆ రోజు కొంచెం ఎక్కువ మంచిగా ఉన్నాడు. సంచిలోంచి సుత్తి తీసి ముద్ర పక్కన పెట్టి చూసి, సంతోషంతో గట్టిగా, "అయ్యా! మూడు సుక్కలు! వలయం ఈడ తెగి ఉండాది సూడండి. ఇది మన సుత్తే!" అన్నాడు.

పడసాలలో అందరూ నా వైపు చూశారు.

నా పరిస్థితి పాఠకులు ఆలోచించాలి. దుంగ నేను ముద్ర వేసి పంపింది. పుస్తకంలో వేగిస అని రాసి ఉంటాను, లేకపోతే పర్మిట్టు రాదు. ఇప్పుడు అదే కొయ్యను ఎర్రచందనమని మహజరు రాశాను. ఈ మహజరు నిజమైతే, ఎర్రచందనాన్ని వేగిస పేరుతో డిపో దాటించిన దొంగ నేనే. ఆచారికి పోయేవి పనిముట్లు, నాకు పోయేది ఉద్యోగం. ఒక్క నిమిషం కిందటిదాకా అది ఎర్రచందనం కావాలని గట్టిగా కోరుకున్న నేను, ఆ క్షణం నుంచి కాకూడదని అంతకంటే గట్టిగా కోరుకోవడం మొదలుపెట్టాను. వడ్రంగుల కష్టసుఖాల మీద నాకు అంత అభిమానం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

"మరి ఈ ఎరుపెక్కడిది ఆచారీ?" అని అడిగాను. నా గొంతు మెత్తబడిందని శెట్టి గమనించి ఉంటాడు.

ఆచారి కామాక్షమ్మగారి వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి ఒక మరపాచి బొమ్మ తెచ్చారు. తిరుపతిలో జంటగా అమ్మే ఎర్రచందనం బొమ్మలు అందరికీ తెలిసినవే. ఇది ఆమె చిన్ననాటిది, జంట ఎప్పుడో పోయింది. దీని కాలు ఒకటి మోకాలి దాకా అరిగిపోయి ఉంది. మంచానికి ఎర్రచందనం రంగు రావాల్సిందేనని సుబ్బరామయ్య పట్టుబడితే, ఆచారి ఆ బొమ్మ కాలిని సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని లక్కలో కలిపి పూశాడు.

"బొమ్మను అడక్కుండానే తీసిచ్చినారు నాయనా" అన్నారామె. అది నాకిచ్చిన ఫిర్యాదు కాదు. భర్త వినాలని అన్నది.

ఆచారి ఒక గంగాళం నిండా నీళ్ళూ, ఒక గాజు గ్లాసులో నీళ్ళూ అడిగాడు. తండ్రి ఉలిని గుడ్డలోంచి తీసి నాలుక కొస నుంచి చిన్న పెళ్ళ ఒకటి, సన్నటి పొరలు నాలుగు తీశాడు. పెళ్ళను గంగాళంలో వేశాడు. తేలింది. బొమ్మను వేశాడు. బుడుంగున అడుక్కు పోయింది. ఎర్రచందనం నీళ్ళకంటే బరువు, మునుగుతుంది. ఇది డిపోలో కూలీలకు కూడా తెలిసిన సంగతి. ఒక ముక్క నీళ్ళలో వేసి చూడాలని నాకెందుకు తోచలేదో ఇప్పటికీ చెప్పలేను.

పొరలను గ్లాసులో వేసి ముంగిట్లో ఎండకు పెట్టాడు. మేమంతా దాని చుట్టూ చేరాం. కొంతసేపటికి నీళ్ళు తేనె రంగుకు తిరిగాయి. ఆచారి గ్లాసు వెనక తన నల్ల కంబళి ముక్క పట్టి, పక్క నుంచి చూడమన్నాడు. తేనె రంగు పోయి, నీళ్ళలో నెమలి కంఠం నీలం కదులుతోంది. కంబళి తీస్తే తేనె. పెడితే నీలం. శెట్టి నాలుగైదు సార్లు తీయించాడు, పెట్టించాడు. వేగిస కొయ్య నీళ్ళకు ఆ గుణం ఉందని నేను శిక్షణ రోజుల్లో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కళ్ళతో చూడడం అదే మొదలు.

సుబ్బరామయ్య చాలాసేపు ఆ గ్లాసు వైపే చూశాడు. తరువాత తల ఎత్తకుండా, "శెట్టీ, యేగే" అన్నాడు.

శెట్టి ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన లోపలికి వెళ్ళి, చీల మొగ్గను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "యేగి అయితే ఏమి రాయసమయ్యా? ఇట్లా అతికేది నా జన్మలో సూళ్ళేదు. ఆచారీ, నాకొకటి సేసిస్తావా? రంగు మాత్రం వద్దప్పా."

"నా దాంట్లో చిలకలు ఆయన దాంట్లో పెట్టగూడదు" అన్నాడు సుబ్బరామయ్య వెంటనే. మనిషి కోలుకున్నాడు.

ఆకాశరామన్న ఎవరో మహజరు మీద సంతకాల దస్తూరీ చూసినప్పుడే నాకు తెలిసింది, ఉత్తరంలోదీ అదే దస్తూరీ. అడగలేదు. అడిగి ఉంటే ఆచారికి ఒక మంచం పని పోయేది.

పనిముట్ల సంచి తిరిగి ఇచ్చాం. ఆచారి ప్రతి ఉలి అంచునూ బొటనవేలితో చూసుకుని మరీ లోపల పెట్టుకున్నాడు. మళ్ళీ బిగించే ముందు ఒక స్తంభం లోపలి వైపు నాకు ఇంకో వింత కనిపించింది. అసలు గూటికి వేలెడు ఎడంగా, సగం తొలిచి వదిలేసిన గూడు ఇంకొకటి. కొలత తప్పి మొదలుపెట్టాడన్నమాట. మైనమూ పొట్టూ కలిపి పూడిస్తే ఎవరికీ తెలియదు గదా, ఎందుకు వదిలేశావని అడిగాను.

"పూడిస్తే నాకే తెలీకుండా పోతాది సామీ. రేపు ఇప్పినోడికి ఈడ ఆచారి తప్పినాడని తెలియాల. స్తంభం బలం ఈడ కొంచెం తక్కువ."

చెంగల్రాయుడు నా చెవిలో, తెల్లకాగితం ఇంకొకటి ఉందని చెప్పాడు. పాత మహజరు చించేసి కొత్తది రాసుకోవచ్చని వాడి సలహా. ఆ సగం గూడు చూసి నాకు బుద్ధి వచ్చి ఆ సలహా తోసిపుచ్చానని చాలా ఏళ్ళు చెప్పాను. నిజానికి కొత్త కాగితం తీసుకుని రెండు పంక్తులు రాశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, పంతులు సంతకం పెట్టి వెళ్ళిపోయాడని. మళ్ళీ పిలిస్తే ఎందుకని అడుగుతాడు. గూడు కూడా కొంత పని చేసిందనే అనుకుంటాను. ఎంత చేసిందో నాకు తెలియదు. పాత కాగితం మీదే ఎర్రచందనము అన్న మాట కొట్టేసి, పైన వేగిస అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాను. చివర ఒక వాక్యం చేర్చాను: "సదరు మంచములో ఎర్రచందనము లేకపోలేదు. పరిమాణము, ఒక బొమ్మ కాలు."

మంచం ఎలాగూ విప్పి ఉంది గనక లోపలి తలుపులో పడుతుందా లేదా అన్న బెంగ లేదు. కామాక్షమ్మగారు దాన్ని పడసాలలో కాక లోపలి గదిలో బిగించమన్నారు. సుబ్బరామయ్య కాదనలేదు. ఆయన దాని మీద పడుకోవడం మొదలుపెట్టాడని కొన్నాళ్ళకు విన్నాను.

ఆ కొట్టివేత నన్ను వదల్లేదు. స్వయంగా పరీక్షించి రాసిన జాతి పేరు సాక్షుల సంతకాల తరువాత ఎలా మారిందో సంజాయిషీ ఇవ్వమని జిల్లా అధికారి నుంచి కాగితం వచ్చింది. మొదట చూసి రాశాననీ, తరువాత పరీక్షించాననీ జవాబిచ్చాను. సర్వీసు పుస్తకంలో తొందరపాటు మానుకోవలెనని ఒక పంక్తి ఎక్కింది. రేంజరు పదోన్నతి వచ్చిన రోజున కూడా ఆ పంక్తి అక్కడే ఉంది.

ఈ పని గురించి తెలుసుకోగోరేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. కొయ్య పేరు రంగు చూసి రాయకూడదు, యజమాని చెప్పాడని అసలే రాయకూడదు. చిన్న ముక్క, చెంబెడు నీళ్ళు, కాస్త ఎండ ఉంటే చాలు. మీ ఇంట్లో పాత మంచమో బీరువానో ఉంటే పై మెరుగు చూసి ఊరుకోకండి. దీపం పట్టుకుని అడుగున చూడండి. అక్కడ కూడా చిత్రిక పట్టి ఉంటే, అతుకుల పక్కన సన్నటి గీతలుంటే, అది పని తెలిసినవాడు చేసిన వస్తువు. ఎక్కడైనా తప్పిన గూడు కనిపిస్తే పూడ్చకండి.

సంజాయిషీలో దుంగ గుర్తు పట్టిన విధం కూడా అడిగారు. ముద్రలో వలయం ఒక చోట తెగి ఉండడం వల్ల నాదేనని పోల్చుకున్నానని రాశాను. వలయం ఎలా తెగిందో వాళ్ళు అడగలేదు. టెంకాయల సంగతి నేను రాయలేదు. ఇప్పుడు రాశాను.